వెనుక చక్రాల దగ్గర కటకట: షాకులు మార్చే ముందు ఒక పూట వెతకండి

మీరు రాసినది క్లుప్తంగా ఇది. ఆరేళ్ల చిన్న కారు, 70 వేల కిలోమీటర్లు తిరిగింది. గతుకుల రోడ్డు మీద 20, 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే వెనుక కుడివైపు నుంచి కటకటమని చప్పుడు వస్తోంది. పెద్ద స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగినప్పుడు రావడం లేదు. వెనుక సీట్లో ఇద్దరు కూర్చుంటే దాదాపు వినిపించడం లేదు. మెకానిక్ కారును లిఫ్ట్ మీద ఎత్తి, చక్రాలు ఊపి చూసి, అన్నీ గట్టిగానే ఉన్నాయి కాబట్టి తప్పు షాక్ అబ్జార్బర్లదే (గతుకుల మీద కారు ఊపును ఆపే గొట్టాలు, అవే షాకులు) అయి ఉంటుందని, రెండూ మార్చేద్దామని చెప్పారు. షాకుల మీద నూనె జాడ లేదు. మార్చాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే మార్చవద్దు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి నా అనుమానాలు ఈ వరుసలో ఉన్నాయి: మొదటిది డిక్కీలోనో వెనుక సీటు కొక్కెం దగ్గరో వదులైన వస్తువు, రెండోది షాక్ పై కొన బిగింపు, మూడోది స్ప్రింగు కూర్చునే రబ్బరు. షాక్ లోపలే అరిగిపోయి ఉండే అవకాశాన్ని నేను నాలుగో స్థానంలో పెడతాను. మొదటి మూడింటిని తేల్చుకోవడానికి ఒక పూట, తోడుగా ఒక మనిషి ఉంటే చాలు.

అన్నిటికంటే ముందు ఒక పని చేయండి. చక్రాల నట్లు బిగుతుగా ఉన్నాయో లేదో ఇప్పుడే చూడండి. చప్పుడు మొదలవడానికి కొద్ది రోజుల ముందు పంక్చరు వేయించి ఉన్నా, టైర్లు మార్పించి ఉన్నా ఈ పని మరీ ముఖ్యం. చిన్న కార్లలో చాలావాటికి ఈ నట్ల బిగుతు సుమారు 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ కారుకు ఎంతో దానితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, అదే ప్రమాణం. నట్టు వదులై చప్పుడు వస్తుంటే, ఈ సమాధానంలో మిగిలినదంతా తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

ఇక చప్పుడు సంగతి. పాతికేళ్లుగా కార్ల కింద పడుకుంటున్నాను. నా దగ్గరకు వచ్చేవారిని మొదట అడిగేది కారు ఏ కంపెనీదని కాదు, చప్పుడును నోటితో చేసి చూపించమంటాను. చాలామంది సిగ్గుపడతారు కానీ, సగం రోగం అక్కడే తెలిసిపోతుంది. మన భాషలో ఒక్కో చప్పుడుకు ఒక్కో మాట ఉండడం ఇందులో మనకు కలిసివచ్చిన విషయం. ధబ్బుమని ఒక్కసారి వస్తే పెద్ద బుష్షో (లోహ భాగాలు కలిసే చోట ఉండే రబ్బరు), బంప్ స్టాపో (స్ప్రింగు మరీ నొక్కుకున్నప్పుడు ఆపే రబ్బరు దిమ్మ) అని అనుమానించాలి. కిర్రుమంటే రబ్బరు ఎండి లోహానికి ఒరుసుకుంటోంది. గలగలమంటే పలచని రేకు, అంటే సాధారణంగా సైలెన్సర్ మీది వేడి కాచే రేకు. టక్‌మని కారు కదిలినప్పుడూ ఆగినప్పుడూ ఒక్కోసారి వస్తే బ్రేకు వైపో, ఇరుసు బుష్షు వైపో చూడాలి. కటకట అంటే గట్టి వస్తువులు రెండు, మధ్యలో కొద్దిపాటి ఖాళీతో, ఒకదాన్నొకటి వెంటవెంటనే కొట్టుకుంటున్నాయి. మీరు వాడిన మాట కటకట. దాన్ని నేను నమ్ముతున్నాను.

పెద్ద స్పీడ్ బ్రేకర్ మీద రాని చప్పుడు చిన్న గతుకుల మీద ఎందుకు వస్తుందని మీకు అనిపించే ఉంటుంది. కారు శరీరం స్ప్రింగుల మీద ఊగే వేగం సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు మాత్రమే. చక్రం, ఇరుసు కలిసి టైరు మీద అదిరే వేగం సెకనుకు 10 నుంచి 15 సార్లు ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కేటప్పుడు బరువు ఒకే దిశలో నెమ్మదిగా పడుతుంది, ఖాళీ ఒకసారి మూసుకుని అలాగే ఉండిపోతుంది. చిన్న గతుకుల మీద తోపుడు దిశ సెకనుకు పదిసార్లకు పైగా మారుతుంది, ఖాళీ మారినప్పుడల్లా తెరుచుకుని మూసుకుంటుంది. అర మిల్లీమీటరు ఖాళీ కూడా డిక్కీ రేకు మీదుగా మీ చెవికి సుత్తి దెబ్బలా వినిపిస్తుంది. కాబట్టి మనం వెతుకుతున్నది ‘పాడైన భాగం’ కోసం అనుకోకండి, ఆ ఖాళీ కోసం. కొత్త షాకు కొని బిగించినా, ఖాళీ సీటు కొక్కెం దగ్గర ఉంటే కటకట అలాగే ఉంటుంది.

మీ ప్రశ్నలో నాకు బాగా పనికొచ్చిన ముక్క వెనుక ఇద్దరు కూర్చుంటే చప్పుడు పోవడం. కారు బరువును మోసేది స్ప్రింగులు. షాక్ బరువు మోయదు, ఊపును మాత్రమే ఆపుతుంది. ఇద్దరు కూర్చున్నంత మాత్రాన షాక్ బిగింపులోని ఖాళీ మూసుకుపోదు. మూసుకుపోయేవి వేరే ఉన్నాయి. మనిషి వీపు ఆనితే సీటు వెనుక పలక కొక్కేనికి గట్టిగా తగులుతుంది. బరువు పడితే స్ప్రింగు తన గూట్లో ఇంకా నొక్కుకుని కూర్చుంటుంది. అందుకే అనుమానాల వరుసలో సీటును ముందు పెట్టాను. ఇది తిరుగులేని రుజువేమీ కాదు. బరువు పెరిగితే వెనుక భాగం మొత్తం మెత్తగా నడుస్తుంది, అందువల్ల షాక్ బిగింపు చప్పుడు కూడా కొంత తగ్గవచ్చు. పైగా వెనుక మనుషులుంటే మాటలుంటాయి, మాటల్లో చప్పుడు వినపడదు. ఇది హాస్యానికి అంటున్నది కాదు. రెండు బియ్యపు బస్తాలంత బరువును మాట్లాడని రూపంలో వెనుక పెట్టి చూడండి, కానీ వీపు పలకకు ఆనించకుండా పెట్టండి. అప్పుడు కూడా చప్పుడు పోతే స్ప్రింగు వైపు, పోకపోతే సీటు వైపు మొగ్గు.

ముందు డిక్కీని పూర్తిగా ఖాళీ చేయండి. పూర్తిగా అంటే నిజంగానే పూర్తిగా: స్టెప్నీ, జాకీ, దాని కడ్డీ, పానాలు, నేల పలక, వెనుక అద్దం కింది అర, సీటు జేబుల్లోని సీసాలు, అన్నీ. స్టెప్నీ మధ్యలోని మర చేత్తో బిగించినట్టే ఉంటుంది కానీ చక్రం కింద ఖాళీ ఉంటుంది. కత్తెర జాకీ తన గూట్లో నిలబడేది దాన్ని కొద్దిగా తెరిచి బిగించడం వల్లే. ఎవరో వాడి, తిరిగి పెట్టేటప్పుడు ఆ చివరి రెండు చుట్లు తిప్పకపోతే అది జీవితాంతం కటకటలాడుతూనే ఉంటుంది. వెనుక సీటును ముందుకు మడిచి, దాని కొక్కెం పట్టుకునే ఇనుప కడ్డీకి గుడ్డ టేపు ఒక చుట్టు చుట్టండి. డిక్కీ తలుపు తాళం పట్టుకునే కడ్డీకీ ఒక చుట్టు. సీటు బెల్టుల బకిళ్లను సీటు మీద పెట్టి బిగించండి. ఇప్పుడు అదే రోడ్డు మీద, అదే వేగంతో వెళ్లండి.

ఒకాయన రెండు షాకులు, రెండు స్ప్రింగులు, ఇరుసు బుష్షులు మార్పించుకుని, చప్పుడు పోక, చివరికి కారు అమ్మేద్దామనుకుంటూ నా దగ్గరకు వచ్చారు. పక్కన కూర్చుని ఒక చుట్టు తిరిగాను. నేను వెనుక సీట్లోకి మారి, వీపును గట్టిగా ఆనించాను. చప్పుడు ఆగింది. వీపు ఎత్తాను, మళ్లీ వచ్చింది. ఆనించాను, ఆగింది. ఆయన అద్దంలో నన్ను చూస్తున్నారు, నేను ముందుకూ వెనక్కూ ఊగుతున్నాను. కొక్కెం కడ్డీ మీద ఉండవలసిన ప్లాస్టిక్ తొడుగు అరిగి చీలిపోయింది. అంతకుముందు మార్చిన వస్తువుల్లో ఏ ఒక్కటీ మార్చవలసిన పని లేదు. ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేకపోయాను.

డిక్కీ ఖాళీ అయినా కటకట ఉందనుకుందాం. ఇక రోడ్డు మీద చేసే పరీక్షలు. ఇవి కారు కిందికి దూరకుండానే చాలా చెబుతాయి.

కారు నిలిపి, ఇంజిన్‌ను మెల్లగా పెంచండి. ఏదో ఒక వేగం దగ్గర గలగల మొదలైతే అది సస్పెన్షన్ (చక్రాలను మోసే స్ప్రింగులు, షాకుల అమరిక) కాదు, సైలెన్సరో దాని రేకో. గతుకుల మీద చప్పుడు వస్తున్నప్పుడే బ్రేకు పెడలును పాదంతో అతి తేలికగా తాకించండి. చప్పుడు టక్కున ఆగితే బ్రేకు ప్యాడ్లు, వాటిని నొక్కే కాలిపర్ పిన్నులు, లేదా డ్రమ్ములోని షూలను పట్టి ఉంచే చిన్న స్ప్రింగులు అని అర్థం. కొత్త ప్యాడ్లు వేసినప్పుడు వాటిని అదిమి ఉంచే పలచని క్లిప్పులు పెట్టకుండా వదిలేయడం నేను చాలాసార్లు చూశాను. తర్వాత, ఒక చక్రం మాత్రమే గుంతలో పడేలా ఒకసారి, రెండు చక్రాలూ ఒకేసారి గతుకు ఎక్కేలా ఒకసారి నడపండి. వెనుక స్టెబిలైజర్ బారు (కారు పక్కకు ఒరగకుండా రెండు వైపులనూ కలిపే కడ్డీ), దాని లింకులు విడిగా ఉన్న కార్లలో, ఒక చక్రం మాత్రమే లేచినప్పుడు ఆ బారు మెలిపడి లింకు కీలు కొట్టుకుంటుంది. రెండూ కలిసి లేస్తే బారు మెలిపడదు, చప్పుడు బాగా తగ్గుతుంది. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో వెనుక సాధారణంగా ఒకే ముక్కగా ఉండే మెలిక ఇరుసు ఉంటుంది, విడి లింకులు ఉండవు. మీ కారు ఆ రకమైతే ఈ పరీక్ష మీకు అంతగా పనికిరాదు.

ఏ వైపు అన్న విషయంలో చెవిని నమ్మకండి. రేకు చప్పుడును మోసుకుపోతుంది. అందరూ కుడి అన్న కారులో ఎడమ స్ప్రింగు కొన విరిగి ఉండడం చూశాక నేను నా చెవిని కూడా నమ్మడం మానేశాను. రెండు ఫోన్లు తీసుకోండి. డిక్కీలో కుడి చక్రపు గూడు మీద ఒకటి, ఎడమ మీద ఒకటి, కదలకుండా టేపుతో అంటించండి. రెండింటిలోనూ రికార్డింగు మొదలుపెట్టి, తెరిచిన డిక్కీకి ఎదురుగా మధ్యలో నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఇంటికి వచ్చాక ఆ చప్పట్ల దగ్గర నుంచి రెండింటినీ పోల్చి వినండి. చప్పట్లు రెండింటిలో సమానంగా వినిపించాలి. కటకట ఎందులో పదునుగా, ముందుగా వినిపిస్తుందో ఆ వైపు నుంచి మొదలుపెట్టండి.

ఇప్పుడు అసలు చోటు: షాక్ పై కొన. మీ మెకానిక్ కారును లిఫ్ట్ మీద ఎత్తి చూశారని రాశారు. ఆయన శ్రద్ధ లేకుండా చూశారని అనను, కానీ అలా చూస్తే ఇది దొరకదు. మెలిక ఇరుసు ఉన్న చాలా కార్లలో, చక్రాలు గాలిలో వేలాడుతున్నప్పుడు ఇరుసు ఇంకా కిందికి జారకుండా పట్టి ఉంచేది షాకే. ఇరుసు బరువంతా దాన్ని కిందికి లాగుతుంది, పైన ఉన్న ఖాళీ ఒకవైపుకు మూసుకుపోతుంది. చేత్తో ఊపితే బండరాయిలా ఉంటుంది. కారు దించి చక్రాలు నేల మీద ఆనగానే ఖాళీ తిరిగి వస్తుంది. అందుకే ఈ పరీక్ష చక్రాలు నేల మీద ఉండగానే, లేదా చక్రాల కింద ఆధారం ఉండే లిఫ్ట్ మీదే చేయాలి.

పై కొన రెండు రకాలుగా ఉంటుంది. కొన్ని కార్లలో షాక్ కడ్డీ రేకులోంచి పైకి వచ్చి డిక్కీ పక్క గుడ్డ వెనుక, ఒక రబ్బరు మూత కింద నట్టుతో ముగుస్తుంది. కొన్నింటిలో పైన ఒక పట్టీ ఉండి, చక్రపు గూట్లోంచి రెండు బోల్టులతో శరీరానికి బిగించి ఉంటుంది. మీది ఏ రకమైనా, పై బిగింపు మీద వేలు పెట్టగలిగే చోటు వెతుక్కోండి. వేలి కొనలో సగం కడ్డీ మీద, సగం పక్కనున్న రేకు మీద ఉండాలి. తోడు వచ్చిన మనిషిని బంపర్ మీద చేతులు పెట్టి కారును చిన్నగా, వేగంగా ఊపమనండి. పెద్దగా నొక్కి వదలడం వద్దు, రెండు మూడు సెంటీమీటర్ల ఊపు చాలు. మీరు నాడి చూసినట్టు కళ్లు మూసుకుని వేలిని వినండి. బాగున్న బిగింపులో కడ్డీ, రేకు కలిసి కదులుతాయి, మధ్యలో రబ్బరు మెత్తగా సాగినట్టు తెలుస్తుంది. ఖాళీ ఉంటే ప్రతి ఊపు చివర ఒక చిన్న ‘టిక్’ వేలికి తగులుతుంది. చెవికి వినపడక ముందే వేలికి తెలుస్తుంది. ఒక్కసారి ఆ టిక్‌ను తాకిన చేయి మళ్లీ మరిచిపోదు. రెండో వైపు కూడా అలాగే చూసి పోల్చండి.

అదే పద్ధతిలో షాక్ కింది కొన, ఇరుసు ముందు బుష్షులు, హ్యాండ్ బ్రేకు తీగను ఇరుసుకు పట్టి ఉంచే క్లిప్పులు తడమండి. టార్చి వేసి మెరుపు కోసం చూడండి. కారు కింద అంతా మట్టి, తుప్పు రంగులో ఉంటుంది. ఎక్కడైనా నాణెం గీసినట్టు తళతళలాడే గీత కనిపిస్తే అక్కడ లోహం లోహాన్ని కొడుతోందన్నమాట. బోల్టు తల చుట్టూ ఎర్రటి మెత్తని పొడి కనిపిస్తే అది వదులై కదులుతోంది. ఈ రెండు గుర్తులూ అబద్ధం చెప్పవు.

పై కొనలో ఖాళీ రావడానికి కారణాలు మామూలువే: రబ్బరు నలిగి సన్నబడడం, నట్టు వదులవడం. కానీ ఇంతకుముందు ఎవరైనా షాకు విప్పి బిగించి ఉంటే మూడో కారణం కూడా ఉంటుంది. కడ్డీ మీద కప్పులాంటి వాషర్లు, రెండు రబ్బర్లు, వాటి మధ్య ఒక చిన్న ఇనుప గొట్టం ఒక వరుసలో ఉంటాయి. ఆ గొట్టం పెట్టడం మరిచిపోయినా, వాషరు తలకిందులుగా పెట్టినా నట్టు మర చివరి దాకా వెళ్లి ఆగిపోతుంది. పానాకు గట్టిగా తగులుతుంది, బిగిసినట్టే ఉంటుంది. కింద రబ్బరు మాత్రం నొక్కుకోకుండా వదులుగానే ఉంటుంది. కొత్త షాకులు వేసిన మర్నాటి నుంచి కటకట మొదలైందని వచ్చే కార్లలో నేను ముందు వెతికేది ఈ గొట్టాన్నే.

షాక్ కడ్డీ మీద ఉండే ప్లాస్టిక్ దుమ్ము తొడుగును కూడా మరిచిపోకండి. అది పై పట్టు ఊడి కడ్డీ మీద కిందికీ పైకీ జారుతుంటే తేలికపాటి కటకట వస్తుంది. చూడ్డానికి ఏమీ కాని వస్తువు, కానీ దాని చప్పుడు విని షాకులు మార్పించుకున్నవాళ్లు ఉన్నారు.

స్ప్రింగు దగ్గర చూడవలసినవి రెండే. పైనా కిందా కూర్చునే రబ్బరు గిన్నెలు చోటు తప్పాయా, చిరిగాయా అన్నది ఒకటి. కింది చుట్టు కొన విరిగిందా అన్నది రెండోది. కింది గిన్నెలో నీళ్లు, మట్టి నిలిచి స్ప్రింగు రంగు లేచిపోయి తుప్పు పడుతుంది, అక్కడే సగం చుట్టు విరుగుతుంది. విరిగిన ముక్క గిన్నెలోనే ఉండిపోవడంతో పైపైన చూస్తే స్ప్రింగు నిండుగానే కనిపిస్తుంది. వేలితో చుట్టు వెంట కొన దాకా తడుముతూ వెళ్లండి. కొన చదునుగా, నున్నగా తయారీలో కోసినట్టు ఉందా, గరుకుగా విరిగినట్టు ఉందా అన్నది తెలుస్తుంది. రెండు వైపులా కొనలు గిన్నెలోని ఆపు దగ్గర ఒకేలా ఆని ఉండాలి. విరిగి ఉంటే ఆ కారును మామూలుగా తిప్పకండి. కొన్ని అమరికల్లో పదునైన కొన టైరుకు తగలగలదు.

మరి షాక్ నిజంగా పోయిందో లేదో ఎలా తెలుస్తుంది? నూనె లేదు కాబట్టి బాగుందనడం కూడా తప్పే. లోపలి కవాటాలు అరిగిన షాకు బయటికి పొడిగానే ఉండవచ్చు. మరోవైపు, కడ్డీ దగ్గర పలచని తేమ పొరలా ఉంటే అది లోపం కాదు, సీలు కడ్డీని తడిగా ఉంచుతుంది కాబట్టి అంత సహజమే. చారలు కట్టి కిందికి కారి, మట్టి జిడ్డుగా అంటుకుని ఉంటే అది లీకు. బంపర్ నొక్కి వదిలి చూసే పాత పరీక్షకు నేను పెద్ద విలువ ఇవ్వను. షాకు పూర్తిగా చచ్చిపోతేనే అది చెబుతుంది. వంకర రోడ్డులో వెనుక భాగం తేలినట్టు ఉండడం, టైరు మీద అక్కడక్కడ గుంటలు పడినట్టు అరుగుదల, గతుకు దాటాక ఒకటికి రెండుసార్లు ఊగడం, ఇవి నమ్మదగిన గుర్తులు. ఖాయంగా తేల్చుకోవాలంటే విప్పి, నిలువుగా పట్టుకుని చేత్తో నొక్కి లాగి చూడాలి. మధ్యలో ఎక్కడైనా చేయి ఖాళీగా జారిపోతే, దిశ మారినప్పుడు లోపల టక్ అంటే అది పోయినట్టే. మీరు ఊగుడు గురించి, పట్టు తప్పడం గురించి ఏమీ రాయలేదు, చప్పుడు గురించే రాశారు. షాకును నాలుగో స్థానంలో పెట్టడానికి అదే కారణం.

ఇరుసు బుష్షుల గురించి ఒక్క మాట. అవి పోతే సాధారణంగా కటకట రాదు, ధబ్బుమంటుంది, లేదా మలుపులో వెనుక భాగం కాస్త ఆలస్యంగా తిరిగినట్టు ఉంటుంది. రబ్బరులో పైపై బీటలు చూపించి బుష్షు పోయిందని చెబితే తొందరపడి ఒప్పుకోవద్దు. కడ్డీతో మెల్లగా ఎత్తి చూసినప్పుడు రబ్బరు లోహం నుంచి విడిపోయి కనిపించాలి.

దోషం దొరికాక చేసే పని గురించి. పై నట్టు వదులు మాత్రమే అయితే టార్క్ రెంచితో (బిగుతును కొలిచి చూపే పానా) సర్వీసు పుస్తకంలో చెప్పినంత బిగిస్తే చాలు. రబ్బరు పోయి ఉంటే బిగింపు సామాను సెట్టుగా మార్చాలి. షాకే మార్చవలసి వస్తే రెండు వైపులా కలిపి మార్చండి, పాతదానికీ కొత్తదానికీ పట్టు ఒకేలా ఉండదు.

సొంతంగా చేసుకునేవారికి కొన్ని జాగ్రత్తలు. వెనుక ఎత్తితే హ్యాండ్ బ్రేకు పట్టుకునే చక్రాలే గాలిలో ఉంటాయి, కాబట్టి ముందు చక్రాలకు రెండు వైపులా దుంగలు పెట్టండి. జాకీ మీద మాత్రమే నిలబడిన కారు కిందికి ఒక్క నిమిషం కూడా దూరవద్దు. పుస్తకంలో చూపిన చోట స్టాండ్లు పెట్టి, వాటి మీద బరువు దించాకే మొదలుపెట్టండి. షాక్ కింది బోల్టు విప్పే ముందు ఇరుసు కింద రెండో జాకీ తేలికగా ఆనించండి. షాకు ఊడగానే ఇరుసు కిందికి పడితే బ్రేకు గొట్టం, చక్రం సెన్సార్ తీగ సాగిపోతాయి, స్ప్రింగు గూట్లోంచి జారవచ్చు. ఒక వైపు పూర్తి చేశాకే రెండో వైపు విప్పండి. స్ప్రింగు షాకు చుట్టూ ఒకే ముక్కగా అమర్చి ఉన్న రకమైతే ఇంట్లో విప్పే ఆలోచనే వద్దు. నొక్కి ఉన్న స్ప్రింగు మనిషిని చంపగలదు, దానికి సరైన పరికరం, అలవాటైన చేయి కావాలి.

పై నట్టు విప్పేటప్పుడు కడ్డీ తిరిగిపోతుంటే దాన్ని ప్లయర్‌తో పట్టుకోకండి. కడ్డీ మీద ఒక్క గీత పడినా అది పైకీ కిందికీ జారే ప్రతిసారీ సీలును కోస్తుంది, నెలల్లో లీకు మొదలవుతుంది. కడ్డీ తలలో పానా పట్టే పలకలు ఉంటాయి, వాటితో ఆపండి. గాలి ఒత్తిడితో నట్లు తిప్పే గన్‌తో ఆ నట్టు బిగించవద్దు. కొత్త షాకును బిగించే ముందు నిలువుగా పట్టుకుని నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి లాగండి. పడుకోబెట్టి నిల్వ చేసిన షాకులో గాలి నూనె గదిలోకి చేరి ఉంటుంది. అది పోకుండా బిగిస్తే కొత్త షాకే టకటకమంటుంది, మీరు మళ్లీ మొదటికి వస్తారు.

చాలామంది దాటేసే ముఖ్యమైన మెట్టు చివరి బిగింపు. షాక్ కింది బోల్టు, ఇరుసు బుష్షు బోల్టు చక్రాలు వేలాడుతుండగా పూర్తిగా బిగించవద్దు. వాటి లోపలి రబ్బరు, లోహం అతుక్కుని ఉంటాయి. బిగించినప్పుడు ఏ కోణంలో ఉంటే అదే రబ్బరుకు విశ్రాంతి స్థితి. వేలాడే స్థితిలో బిగిస్తే, కారు నేల మీద నిలబడిన ప్రతి క్షణం రబ్బరు మెలిపడే ఉంటుంది, కొద్ది కాలానికే చిరుగుతుంది. బోల్టులు చేత్తో ఎక్కించి, కారు దించి, దాని బరువు చక్రాల మీద పడ్డాక టార్క్ రెంచి పెట్టండి. ఒకసారి వాడితే మార్చాలని పుస్తకం చెప్పిన నట్లు కొత్తవే వేయండి.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఒక కారుకు వెనుక షాకులు మార్చి, గర్వంగా తాళాలు ఇచ్చి పంపాను. రెండు రోజులకు ఆ కారు యజమానురాలు తిరిగి వచ్చి, ఇదివరకు కుడివైపు ఉన్న చప్పుడు ఇప్పుడు ఎడమవైపు వస్తోందని చెప్పారు. గంటన్నర వెతికాను. పై బిగింపు బాగుంది, స్ప్రింగు బాగుంది, బ్రేకులు బాగున్నాయి. చివరికి ఇరుసు మీద స్ప్రింగు గిన్నె పక్కన, నా 13 నంబరు పానా హాయిగా పడుకుని ఉంది. అప్పటి నుంచి కారు దించే ముందు పానాలు లెక్కపెట్టుకుంటాను.

మీరు ఈ వరుసలోనే వెళ్లండి: నట్లు, డిక్కీ, సీటు కొక్కెం, వేలితో పై కొన, ఆ తర్వాత స్ప్రింగు కొన. ఎక్కడ టిక్ తగిలిందో, బస్తాల పరీక్షలో ఏమైందో రాయండి. పై కొన డిక్కీలో నట్టు రకమా, చక్రపు గూట్లో రెండు బోల్టుల రకమా అన్నది కూడా చెబితే విప్పే పద్ధతి దానికి తగ్గట్టు వివరిస్తాను.